నాన్నగారి గదిలోకి పొద్దు రానివ్వండి

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఆరు వారాలైంది. కుట్లు మానాయి, ఎక్స్‌రే బాగుంది, రక్తపరీక్షల్లో తేడా ఏమీ లేదు. అయినా మనిషి తేరుకోలేదు. పగలంతా మగతగా పడి ఉంటారు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు, ఇక తెల్లారేదాకా నిద్ర ఉండదు. ఒంటరిగా కూర్చుంటే దిగులు పడతారని నేనూ లేచి, లైటు వేసి, కాసేపు మాట్లాడతాను, తినడానికి ఏదో ఒకటి పెడతాను. పగలు ఆయన నిద్ర చెడకూడదని గది కర్టెన్లు వేసే ఉంచుతున్నాం. 'నిద్రే మందు, ఎప్పుడొస్తే అప్పుడు పడుకోనివ్వు' అంటుంది అమ్మ. నాకేమో నిద్రమాత్ర రాయించుకుంటే నయమేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ అమ్మగారి మాటలో సగం నిజం ఉంది. నిద్ర మందే. కానీ ఏ మందైనా వేళకు పడితేనే గదా ఒంటికి పట్టేది! మీ నాన్నగారికి నిద్ర తక్కువై ఈ అవస్థ వచ్చిందని నాకు అనిపించడం లేదు. రోజు మొత్తంలో ఆయన నిద్రపోయే గంటలన్నీ కూడితే మీకంటే ఎక్కువే తేలవచ్చు. ఆయనకు పోయింది వేళ. ఏది పగలో, ఏది రాత్రో శరీరానికి ఆనవాలు దొరకడం లేదు.

మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నేనూ మీరు చేస్తున్నదే చేశాను. అప్పటికే వైద్యంలో చాలా ఏళ్లు గడిపినవాణ్ణి. అయినా ఇంటికి తీసుకొచ్చాక మొదట చేసిన పని కిటికీ తలుపులు మూయడం. ఆసుపత్రిలో రాత్రీ పగలూ వెలిగే దీపాల కింద పది రోజులుంది, ఇప్పుడైనా ప్రశాంతంగా పడుకోనీ అనుకున్నాను. మూడు వారాలు గడిచినా ఆమె ముఖంలో కళ రాలేదు. ఒకరోజు గది తుడవడానికి వచ్చినామె కిటికీలు బార్లా తెరిచి, అమ్మను కుర్చీలో అక్కడే కూర్చోబెట్టింది. ఆ సాయంత్రం అమ్మ తనంతట తాను ఆకలి అంది. ఒక్కరోజులో అంతా మారిపోయిందని చెప్పను. కానీ కిటికీ తెరవాలన్న ఆలోచన నాకెందుకు రాలేదా అని చాలాకాలం బాధపడ్డాను. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

1729లో ఫ్రాన్స్‌లో జాక్ ద మేరాన్ అనే ఆయన అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా అది పగటి వేళకు ఆకులు విప్పింది, రాత్రి వేళకు ముడుచుకుంది. వేళ తెలుసుకునే ఏర్పాటేదో మొక్క లోపలే ఉందన్నమాట. మనలోనూ ఉంది. రెండు కళ్ల నుంచి వెనక్కి వెళ్లే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోట, సరిగ్గా దానిపైన, బియ్యపుగింజంత జాగాలో సుమారు 20,000 కణాలున్నాయి. అసలు గడియారం అదే. అయితే అది ఒక్కటే కాదు. కాలేయంలో, గుండెలో, కండరాల్లో, చర్మంలో, దాదాపు ప్రతి కణంలోనూ చిన్న గడియారం ఉంటుంది. కణంలో ఒక ప్రోటీన్ తయారవుతూ పోగుపడుతుంది, బాగా పోగుపడ్డాక తన తయారీని తానే ఆపేస్తుంది, క్రమంగా కరిగిపోతుంది, మళ్లీ తయారీ మొదలవుతుంది. ఈ చుట్టు తిరగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో ఈ కీలకాన్ని విప్పిచెప్పినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

'దాదాపు' అన్నాను చూడండి, మీ ఇంట్లో చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మనిషి లోపలి గడియారం సరిగ్గా 24 గంటలకు తిరగదు. చాలామందిలో ఓ పది పదిహేను నిమిషాలు ఎక్కువే తీసుకుంటుంది. రోజూ పొద్దుటి వెలుగు కంట పడి దాన్ని సరిచేస్తూ ఉండాలి. సరిచేసేవారు లేకపోతే గోడగడియారం లాగే అదీ రోజుకింత వెనకబడుతుంది. 1962లో మిషెల్ సీఫ్ర్ అనే ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త గడియారం లేకుండా ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక గుహలో రెండు నెలలున్నాడు. సెప్టెంబరు 14న పైకి రమ్మని పిలిస్తే, తన లెక్క ప్రకారం అది ఆగస్టు 20 అనుకున్నాడు. కర్టెన్లు దించిన గదిలో, మంచం మీద, మగతలో ఉన్న పెద్దాయనకు కూడా కాలం అలాగే జారిపోతుంది. ఆయన్ను వేళ అడిగి చూడండి. బహుశా తప్పు చెబుతారు.

ఇంతకూ వేళ తప్పితే కోలుకోవడం ఎందుకు కుంటుపడుతుంది? శరీరం అన్ని పనులూ అన్ని గంటల్లోనూ చేయదు. చీకటి పడ్డాక ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, ఆ చల్లబడే వేళ గాఢనిద్ర పడుతుంది. రాత్రి తొలిభాగంలో వచ్చే ఆ గాఢనిద్రలోనే పెరుగుదల హార్మోను బాగా విడుదలవుతుంది. పెద్దయ్యాక ఇంకేం పెరుగుదల అనుకోకండి, అరిగినదాన్ని మరమ్మతు చేసుకోవడానికి పెద్దవాళ్లకూ అది కావాలి. తెల్లవారుజామున నాలుగైదు గంటల ప్రాంతంలో ఒంటివేడి బాగా తగ్గి, మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఆ వేళకే కార్టిసాల్ అనే ఇంకో హార్మోను ఎక్కడం మొదలవుతుంది. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో ఇంకో మెట్టు ఎక్కుతుంది. పొద్దున్నే లేచి పని అందుకోగలిగే సత్తువ అక్కడిదే. రాత్రి ఈ కార్టిసాల్ అడుగంటుతుంది. అది వాపును అణచే హార్మోను కనుక, అది లేని వేళ నొప్పులు తిరగబెడతాయి. రాత్రిపూట నొప్పి ఎక్కువైందని రోగి చెబితే చాదస్తమని కొట్టిపారేయకూడదు. నిజంగానే ఎక్కువవుతుంది.

గాయాలకూ వేళ తెలుసు. ఇంగ్లండ్, వేల్స్‌లలో కాలిన గాయాలతో చికిత్స పొందిన 118 మంది వివరాలు తీసి చూస్తే, రాత్రివేళ కాలినవి మానడానికి సగటున 28 రోజులు పట్టిందట, పగటివేళ కాలినవి 17 రోజుల్లో మానాయట. 2017లో వచ్చిన పరిశోధన అది. గాయాన్ని పూడ్చడానికి పాకే చర్మకణాలు పగలు చురుగ్గా కదులుతాయి, రాత్రి నెమ్మదిస్తాయి. దీన్నిబట్టి మీ నాన్నగారి ఎముక అతుకు గురించి లెక్కలు కట్టలేం. కాకపోతే చర్మంలో ఉన్న కణం కూడా వేళ చూసుకుని పనిచేస్తుందని మాత్రం తెలుస్తోంది. గదిని నిరంతరం చీకటిగా ఉంచితే విశ్రాంతి కాస్త ఎక్కువ దొరుకుతుందేమో గానీ, లోపలి పనివాళ్లందరికీ ఎవరి వంతు ఎప్పుడో తెలియకుండా పోతుంది. కాలేయానిది ఒక దారి, మెదడుది ఇంకో దారి అవుతుంది. ఆకలి లేకపోవడం, మలబద్ధకం, చిరాకు, దిగులు, 'నాకు ఒంట్లో బాగాలేదు, ఎక్కడో చెప్పలేను' అనడం, ఇవన్నీ ఆ గందరగోళం నుంచి పుట్టగలవు.

కాబట్టి మొదటి మందు వెలుతురు. కంట్లో చూపు కోసం కాక, వెలుతురు ఎంతుందో కొలిచి మెదడులోని గడియారానికి చెప్పడానికే ప్రత్యేకంగా కొన్ని కణాలున్నాయి. నీలిరంగు కలిసిన వెలుతురంటే వాటికి ఎక్కువ స్పందన. పగటి ఆకాశంలో అది పుష్కలం. మన ఇళ్లలో బాగా వెలుతురుందనుకునే గదిలో కూడా రెండు మూడు వందల లక్సులకు (లక్సు వెలుతురును కొలిచే కొలత) మించి ఉండదు. మబ్బు పట్టిన రోజున ఆరుబయట వేల లక్సులుంటాయి, నిండు ఎండలో లక్ష దాకా పోతాయి. లైటు వేశాం కదా అనుకుంటాం, లోపలి గడియారం లెక్కలో అది సందెచీకటే. పైగా వయసు పైబడ్డాక కంటిలోని కటకం పసుపుబారి ఆ నీలి వెలుతురును కొంత ఆపేస్తుంది. పెద్దవాళ్లకు వెలుతురు ఎక్కువ కావాలి, కానీ మనం వాళ్లను ఇంట్లో అన్నిటికంటే చీకటి గదిలో పడుకోబెడతాం. శుక్లం ఉందేమో కూడా ఒకసారి చూపించండి.

రేపటి నుంచి ఆయన లేచే వేళ ఒకటి స్థిరం చేయండి. ఇప్పుడు పగలు పదింటికి గానీ కళ్లు తెరవడం లేదనుకోండి, ఆరింటికి లేపి కూర్చోబెట్టకండి. ముందు తొమ్మిదిన్నర. రెండు మూడు రోజులయ్యాక తొమ్మిది. అలా అరగంట చొప్పున వెనక్కి తెస్తూ ఏడు దగ్గర ఆపండి. లేవగానే కర్టెన్లు పూర్తిగా తీయండి. ఆసరాతో నడవగలిగితే ఆరుబయటకు తీసుకెళ్లి అరగంట కూర్చోబెట్టండి. నేరుగా సూర్యుణ్ణి చూడనక్కర్లేదు, చూడకూడదు కూడా. నీడలో కూర్చున్నా ఆకాశం కనబడుతూ ఉంటే చాలు. బయటకు వెళ్లడం కుదరకపోతే కుర్చీని కిటికీకి ఆనించండి. ఈ విషయంలో పట్టుబట్టి చెబుతున్నాను, గది మధ్యలో మంచం వేసి కిటికీ తెరిచాం అంటే సరిపోదు. కిటికీ నుంచి వెనక్కి జరిగేకొద్దీ వెలుతురు చాలా వేగంగా పడిపోతుంది.

కిటికీ మాట వచ్చింది కనుక ఇంకొకటి. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే ఆయన పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించారు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనబడే గదుల్లోని 23 మందిని, ఇటుకగోడ కనబడే గదుల్లోని 23 మందితో పోల్చారు. చెట్లు కనబడినవాళ్లు కాస్త ముందే ఇళ్లకు వెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. చిన్న పరిశీలనే, అందులో వెలుతురు సంగతి విడిగా తేల్చలేదు. అయినా నాకు నచ్చుతుంది. మంచాన పడ్డ మనిషికి బయట లోకం నడుస్తోందని కనబడాలి.

ఇక పగటి నిద్ర. దాన్ని పూర్తిగా మాన్పించకండి, ఆపరేషన్ అయిన ఒంటికి అలసట నిజమే. కానీ నిద్ర కూడా ఆకలి లాంటిది. మెలకువగా ఉన్నంతసేపూ పెరుగుతూ వస్తుంది. రోజంతా చిరుతిళ్లు తిన్నవాడికి పూట భోజనం సహించనట్టే, పదినుంచి ఆరుదాకా మగతగా కునుకులు తీసినవాడికి రాత్రి నిద్ర ఆకలి ఉండదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక్క కునుకు, అరగంట సేపే, అదీ మధ్యాహ్నం మూడు కొట్టేలోపు. అదీ మంచం మీద. మిగతా పగలంతా కుర్చీలో. మంచం చూడగానే నిద్ర గుర్తుకు రావాలి గానీ టీవీ, మందులు, పరామర్శలు గుర్తుకు రాకూడదు. కుర్చీలో కూడా తూగుతుంటే పేరుపెట్టి పిలిచి మాట్లాడించండి. కబుర్ల కోసం రాత్రి రెండింటికి లేస్తున్నారే, ఆ కబుర్లన్నీ పగటికి మార్చండి.

వ్యాయామం సాయంత్రం నాలుగైదు గంటల మధ్య పెట్టుకోండి. ఒంటివేడి, కండరాల బలం ఆ వేళకు బాగుంటాయి, కీళ్లు పొద్దుటిలా బిగుసుకుపోయి ఉండవు. ఫిజియోథెరపిస్టు ఇంకో సమయమే కుదురుతుందంటే అదే ఖాయం చేసుకోండి, రోజూ ఒకే వేళ కావడం ముఖ్యం. నిద్రపోయే ముందు మాత్రం వద్దు.

భోజనం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కాలేయంలోని గడియారం వెలుతురు కంటే తిండి వేళనే ఎక్కువ నమ్ముతుంది. రాత్రి రెండింటికి పెడితే అది పగలనుకుంటుంది. పైగా అదే తిండి పొద్దున తిన్నప్పటికంటే రాత్రి తిన్నప్పుడు రక్తంలో చక్కెరను ఎక్కువ పెంచుతుంది. మూడు పూటలూ వేళకు పెట్టండి, లేచిన గంటలోపు మొదటిది, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు చివరిది. ఆయన చక్కెర వ్యాధికి మందులో ఇన్సులినో వాడుతుంటే మాత్రం భోజనం వేళలు మార్చేముందు డాక్టరుకు చెప్పాలి. టీ, కాఫీలు మధ్యాహ్నం దాటాక ఆపేయండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే అయిదు గంటలు పడుతుంది, వయసు మీద పడ్డవాళ్లలో కొందరికి ఇంకా ఎక్కువ.

ఇప్పుడు రాత్రి రెండు గంటల సంగతి. మీరు ప్రేమతో చేస్తున్న ఆ పనే ఆయన్ను మళ్లీ రేపు రెండింటికి లేపుతోంది. వెలుతురు ఎప్పుడు పడిందన్నదాన్నిబట్టి గడియారం ముందుకో వెనక్కో జరుగుతుంది. పొద్దున పడితే నిద్రవేళ ముందుకు జరిగి, రాత్రి త్వరగా నిద్రపడుతుంది. అర్ధరాత్రి పడితే ఇంకా ఆలస్యమవుతుంది. ట్యూబులైటు వేయకండి. మంచం నుంచి బాత్రూముకు వెళ్లే దారిలో నేలకు దగ్గరగా ఎర్రటి, లేదా నారింజరంగు చిన్న బల్బు ఒకటి రాత్రంతా వెలగనివ్వండి. ఇది తప్పనిసరి. తుంటి విరిగిన మనిషి చీకట్లో మళ్లీ పడితే ఈ గడియారాల కబుర్లన్నీ ఎందుకూ కొరగావు. ఆయన లేస్తే పక్కన కూర్చోండి, మంచినీళ్లు ఇవ్వండి, నెమ్మదిగా ఒకటి రెండు మాటలు మాట్లాడండి. తిండి వద్దు, ఫోను వద్దు, 'నిద్ర రావడం లేదా' అని పదేపదే అడగొద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే ఆ మసక వెలుగులోనే కుర్చీలోకి మారి, కళ్లు బరువెక్కాక తిరిగి పడుకోవచ్చు. సాయంత్రం ఎనిమిది నుంచే ఇంట్లో దీపాలు తగ్గించేయండి.

నిద్రమాత్ర వద్దనే నా సలహా. ఈ వయసులో అవి తూలు తెప్పిస్తాయి, బుద్ధి మసకబారుస్తాయి, పడిపోయే ప్రమాదాన్ని పెంచుతాయి. ఆయనది ఇప్పుడిప్పుడే అతుకుతున్న తుంటి. ఇప్పటికే ఆసుపత్రిలో రాసిచ్చినది ఏదైనా వాడుతుంటే మాత్రం ఉన్నట్టుండి ఆపకండి, ఎలా తగ్గించాలో రాసిచ్చిన డాక్టరే చెప్పాలి.

దానికంటే ముందు ఆయన మందులన్నీ ఒక కాగితం మీద, ఏది ఏ గంటకు వేస్తున్నారో సహా రాసి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. చాలా ఇళ్లలో నిద్ర చెడడానికి మూలం ఆ కాగితంలోనే దొరుకుతుంది. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర సాయంత్రం వేస్తే రాత్రి నాలుగుసార్లు లేవాలి. స్టెరాయిడ్ మాత్రలు మామూలుగా పొద్దున వేయమనేది అందుకే, ఒంట్లోని కార్టిసాల్ కూడా ఆ వేళకే పెరుగుతుంది కనుక. రాత్రి వేస్తే నిద్ర పట్టదు. కొన్ని నొప్పి మందులు పగలంతా మగతగా ఉంచుతాయి. అసలు ఆయన లేవడానికి కారణం నొప్పే అయితే, పడుకునే ముందు నొప్పి మందు పడేలా వేళ మార్చవచ్చేమో అడగండి. రక్తపోటు మాత్ర రాత్రే వేయాలని కొందరు గట్టిగా చెబుతుంటారు. 2022లో వెలువడిన పెద్ద బ్రిటిష్ పరిశోధనలో పొద్దున వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా కనబడలేదు. మరచిపోకుండా వేసుకోగలిగే వేళే మంచి వేళ. ఏ మందు వేళైనా మీ అంతట మీరు మాత్రం మార్చొద్దు.

కొన్ని లక్షణాలు కనబడితే ఈ ఉత్తరం పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి మాటల్లో పొంతన లేకపోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, లేనివి కనబడుతున్నాయనడం, జ్వరం, పిక్కలో వాపూ నొప్పీ, ఆయాసం, ఛాతీలో నొప్పి. అలాగే నిద్రలో గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడుతున్నారా చూడండి. ఉంటే పగటి మగతకు అదే కారణం కావచ్చు, దానికి వేరే చికిత్స ఉంది. ఏ మాటా, ఏ మనిషీ రుచించక రెండు వారాలకు మించి మౌనంగా ఉండిపోతుంటే అది దిగులు జబ్బు కావచ్చు. అదీ డాక్టరుకు చెప్పాల్సిన సంగతే.

మొదటి వారం కష్టంగా ఉంటుంది. పగలు లేపుతుంటే ఆయన విసుక్కుంటారు, మీ అమ్మగారు మిమ్మల్ని కోప్పడతారు, రాత్రి నిద్ర మాత్రం వెంటనే బాగుపడదు. ఆగిపోవద్దు. దూరదేశం విమానంలో వెళ్లినవాళ్ల గడియారం కూడా రోజుకు సుమారు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది. ఆరు వారాల తారుమారు సర్దుకోవడానికి రెండు మూడు వారాలైనా ఇవ్వాలి. రోజూ మూడే మూడు సంగతులు రాసిపెట్టుకోండి: లేచిన వేళ, వెలుతురులో గడిపిన సమయం, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. మూడు వారాలకూ మార్పు లేకపోతే ఆ కాగితంతో డాక్టరును కలవండి. ఆయనకు అది చాలా పనికొస్తుంది.

చివరిగా మీ గురించి. ఆరు వారాలుగా మీరూ రాత్రి రెండింటికి లేస్తున్నారని ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. మీ గడియారం కూడా తప్పే ఉంటుంది. రాత్రి కాపలా ఇంట్లో ఇంకొకరితో పంచుకోండి, ఒకరాత్రి మీరు, ఒకరాత్రి వారు. మీ వంతు కాని రాత్రి వేరే గదిలో తలుపు మూసుకుని పడుకోండి. పొద్దున నాన్నగారి కుర్చీ పక్కనే ఆ కిటికీ దగ్గర మీకూ ఒక కుర్చీ వేసుకోండి.